65 దాటినవాళ్లు గడప దాటకూడదన్న వేసవి

బాబూ, నువ్వు అడిగింది ఇది: మీ అమ్మమ్మగారు 2020 వేసవంతా విశాఖపట్నంలో ఒక్కరే ఉన్నారు. ఇప్పుడు ఎప్పుడు కదిపినా "ఏముందిరా, గడిచిపోయింది" అని మాట మార్చేస్తున్నారు. ఆ రోజుల్లో పెద్దవాళ్లకి లోకం ఎలా కనబడింది, మనుషులు ఎలా కనబడ్డారు, ఆ వయసువాళ్లెవరైనా చెప్తారా అని. నాకిప్పుడు 76. ప్రభుత్వాసుపత్రిలో 33 ఏళ్లు నర్సుగా చేశాను, అందులో ఎక్కువ కాలం అంటువ్యాధుల వార్డులోనే. కరోనా వచ్చేనాటికి నాకు 71 నడుస్తోంది. విశాఖలోనే, మర్రిపాలెంలో సొంత ఇంట్లో ఒక్కదాన్నే. మావారు పోయి అప్పటికి ఆరేళ్లు, కొడుకు పుణెలో. నా మనవడి ఈడువాడివి కదా, "నువ్వు" అనే రాస్తున్నాను.

ముందు ఆ 65 సంగతి చెప్పాలి. ఆ ఏడాది మార్చి 19న కేంద్ర ప్రభుత్వం 65 దాటినవాళ్లు ఇల్లు కదలొద్దని చెప్పింది. తర్వాత వచ్చిన లాక్‌డౌన్ ఉత్తర్వుల్లోనూ అదే మాట. గర్భిణులు, పదేళ్లలోపు పిల్లలు, పాత జబ్బులున్నవాళ్లు, మేమూ అందరం ఒకే వరసలో. వైద్యం తెలిసినదానిగా అందులో తప్పు పట్టను. ఆ వైరస్ పెద్దవయసులో ఊపిరితిత్తుల్ని పట్టుకుంటే సులువుగా వదిలేది కాదు, షుగరూ బీపీ తోడైతే మరీను. కానీ ఆ మాట నాకు చెవిలో ఎలా పడిందంటే, ఎండాకాలం వాంతులూ విరేచనాలతో వార్డు నిండిపోతే ఒక్కో మంచం మీద ఇద్దరిని పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించినదాన్ని నేను. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, వచ్చిన పిల్లల గొంతుల్లోకి లైటు వేసి చూసినదాన్ని. ధనుర్వాతం రోగి చప్పుడుకి బిగుసుకుపోతాడని చీకటి గదిలో చెప్పులు విడిచి నడిచినదాన్ని. అలాంటిదాన్ని ఒక్క రోజులో తీసుకెళ్లి, కాపలా కాయాల్సిన సామాన్లలో పెట్టేశారు. కోపం రాలేదు గానీ పెద్ద బెంగ పట్టుకుంది. మీ అమ్మమ్మగారు మాట దాటేస్తున్నది ఆ బెంగ గురించేమోనని నా అనుమానం. ఇక మనతో ఎవరికీ పని లేదు అన్న బెంగ అది. దాన్ని పిల్లలతో చెప్పుకోలేం.

మా ఇల్లు జాతీయ రహదారికి రెండు వీధుల లోపల. ఒకపక్క రైలు పట్టాలు, ఇంకోపక్క ఎన్ఏడీ కొత్తరోడ్డు, దాని అవతల విమానాశ్రయం. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి చప్పుడు మధ్యనే బతికాను. మార్చి ఆఖరుకల్లా ప్యాసింజరు రైళ్లు లేవు, విమానాలు లేవు, ఎన్ఏడీ దగ్గర ఫ్లైఓవర్ కడుతున్న మోత కూడా ఆగిపోయింది. గూడ్సు బళ్లు మాత్రం నడిచేవి. రాత్రి నిద్రపట్టక, మంచం మీంచే వ్యాగన్లు లెక్కపెట్టేదాన్ని. ఆ చప్పుడు వినబడితే, ఎక్కడో ఎవరో డ్యూటీలో ఉన్నారు కదా అని ధైర్యంగా ఉండేది.

మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం ఐదింటికి ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల కోసం చప్పట్లు కొట్టమన్నారు. మా వీధిలో పళ్లేలు మోగాయి, గుడి గంట మోగింది, పిల్లలు మేడలెక్కి కేకలు పెట్టారు. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. 33 ఏళ్లలో మా పనికి ఊరు చప్పట్లు కొట్టడం నేను చూసింది ఆ ఒక్కరోజే. మూడోరోజు, 25న, ఉగాది. వేపపువ్వు మా పెరట్లోదే, మామిడికాయ పక్కింటివాళ్ల చెట్టుది, చింతపండు డబ్బాలో పాతది. పచ్చడి చేసుకుని ఒక్కదాన్నే తిన్నాను. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే.

ఇక మా ఆకుకూరలావిడ గురించి చెప్తాను, ఎందుకంటే ఆ వేసవి నాకు నేర్పింది చాలామటుకు ఆవిడ వల్లే. కొండవాలు ఇళ్లలో ఉంటుంది. తెల్లారకుండానే కంచరపాలెం వైపు వెళ్లి సరుకు ఎత్తుకుని, తట్ట నెత్తినపెట్టుకుని వీధి వీధీ తిరుగుతుంది. లాక్‌డౌన్ పెట్టిన మూడోరోజు పొద్దున్నే మా గేటు ముందు "తోటకూరమ్మా, గోంగూరమ్మా" అని కేక. నేను గేటు దగ్గర స్టూలు వేసి, దానిమీద సబ్బునీళ్ల బేసిను పెట్టాను. చిల్లర అందులో వేసేది, నేను తీసుకునేదాన్ని. నోట్లయితే తుడిచి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసేదాన్ని. పది రూపాయల నోట్లు లంగాల పక్కన ఎండలో ఊగుతుండేవి. సబ్బు ఆ వైరస్ మీదుండే కొవ్వు పొరని కరిగించేస్తుంది, అందుకే చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్దమన్నది. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. ముక్కు మీదకి కొంగు లాక్కుని, మొత్తం విని, "కొండ మీదకి కొళాయి రోజు విడిచి రోజొత్తాదమ్మా" అంది. ఆ తర్వాత నుంచి ఆవిడ వచ్చినప్పుడల్లా ముందు మా కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, అప్పుడు తట్ట దింపేది. వెళ్లేటప్పుడు ఒక బిందె నీళ్లు పట్టుకెళ్లేది.

ఒకరోజు అన్నాను, "నీకూ నా ఈడే కదే, పెద్దవాళ్లు తిరక్కూడదంట, ఇంట్లో ఉండు" అని. "ఇంటికాడ కూకుంటే ఎవులెడతారమ్మా?" అంది. నిజంగా నీకెన్నేళ్లని అడిగాను. "నాకేటి తెలుసమ్మా. పాకిస్తానోడి సబ్‌మెరైను మునిగిపోయిన రాత్రి నా పెద్దోడు కడుపులో ఉన్నాడు. మా రేకులన్నీ అదిరిపోనాయి." అది 1971 డిసెంబరు మొదటి వారం, ఘాజీ మునిగిన రాత్రి. నేనప్పుడు నర్సింగు చదువుతున్నాను, హాస్టలు కిటికీలకి నల్లకాగితాలు అంటించి కూర్చున్నాం. అంటే ఆవిడ పెద్దకొడుకు 1972లో పుట్టాడు. అప్పటికే పెళ్లయి మూడేళ్లంటే, ఆవిడకి 2020లో ఎంత తక్కువ వేసుకున్నా 67, 68 ఉండాలి. కొంగున కట్టుకున్న ఆధార్ కార్డు విప్పి చూపించింది. పుట్టిన తేదీ 01-01-1963. కార్డు తీసినప్పుడు ఎవరో మొహం చూసి వేసిన లెక్క. ఆ కార్డు ప్రకారం ఆవిడకి 57, కొడుక్కి 48. తల్లికీ కొడుక్కీ తొమ్మిదేళ్ల తేడా.

ఇది చిన్న సంగతి కాదు బాబూ. మన రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షను వయసు అంతకుముందే 65 నుంచి 60కి తగ్గించారు. అప్పట్లో నెలకి 2,250 రూపాయలు. ఒకటో తారీఖు తెల్లవారేసరికి వార్డు వాలంటీరు పిల్ల ఇంటింటికీ వచ్చి చేతిలో పెట్టి వెళ్లేది. లాక్‌డౌన్‌లో అది ఎంతమందికి అన్నం పెట్టిందో నేను కళ్లారా చూశాను. కానీ ఏప్రిల్ ఒకటిన మా ఎదురింటి అరుగు మీద వాలంటీరు పిల్ల మా ఎదురింటామెకి పెన్షను లెక్కపెట్టి ఇస్తుంటే, అదే అరుగు కింద మా ఆకుకూరలావిడ తట్ట దింపుకుని కట్టలు సర్దుకుంటోంది. ఎదురింటామె ఈవిడకంటే చిన్నది. ఈవిడ భర్త బతికే ఉన్నాడు, పక్షవాతంతో మంచంలో ఉన్నాడు, కాబట్టి వితంతు పెన్షను కూడా రాదు. కార్డులో తేదీ మార్చుకోవాలంటే రుజువు కాగితం కావాలి. బడి మొహం చూడని మనిషికి రుజువెక్కడిది?

అప్పటిదాకా వయసంటే వెంట్రుకలు నెరవడం, మోకాళ్లు పట్టెయ్యడం అనుకునేదాన్ని. వయసు కూడా కొందరికి దక్కుతుంది, కొందరికి దక్కదు. నాకు పెన్షనుంది, మేడుంది, వారానికోసారి కొడుకు ఫోనులోనే కొనిపెట్టే సరుకులున్నాయి, అందుకని నేను "65 దాటినదాన్ని" అయ్యాను. గడప దాటొద్దన్న మాట నాకు వర్తించింది. ఆవిడ మోకాళ్లు నా మోకాళ్లకంటే అరిగిపోయినా, ఆవిడ తిరగాల్సిందే. ఆవిడ తిరగబట్టే నేను ఇంట్లో కూర్చుని కూర వండుకున్నాను.

ఏప్రిల్ మధ్యలో ఒక సాయంత్రం గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడింది. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో కుక్కరు. ఇరవై నాలుగేళ్లుంటాయి. మన్యం పిల్ల, పాడేరు పక్కనుంచి. కోవిడ్ వార్డులో కాంట్రాక్టు నర్సు. రెండు వీధుల అవతల అద్దెకుంటోంది, ఇంటాయన పొద్దున ఖాళీ చెయ్యమన్నాడట. నేను నర్సునని ఎవరో చెబితే వచ్చింది. ఆ ఇంటాయన మార్చి 22న మేడ మీద నిలబడి పళ్లెం మోగించినవాడే, నేను చూశాను. ఇది మా వీధిలోనే జరిగింది కాదు. దేశమంతా ఇలాంటివి, ఇంతకంటే ఘోరమైనవి జరిగాయి. ఏప్రిల్ 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది, వైద్య సిబ్బంది మీద దాడిచేస్తే ఏడేళ్ల దాకా జైలని. చప్పట్లు కొట్టిన నెల తిరిగేసరికి చట్టం కావాల్సి వచ్చింది.

మేడ మీద గది ఇచ్చాను. మెట్లు బయటనుంచే. మా అబ్బాయి ఫోనులో కోప్పడ్డాడు. "అమ్మా, నీకు 71 ఏళ్లు. నీకేమైనా అయితే నేను రావడానికి రైలు కూడా లేదు." వాడి గొంతులో భయం తెలుస్తూనే ఉంది. "నాకు 71 ఏళ్లేరా, కానీ అందులో 33 ఏళ్లు ఇదే పని చేశాను. ఆ పిల్లని బయట పెట్టి తలుపేసుకుంటే ఆ 33 ఏళ్లు దేనికి?" అన్నాను. రెండు రోజులు ఫోను చెయ్యలేదు. మూడోరోజు చేసి, "ఆ అమ్మాయి ఏం తింటుంది?" అని అడిగాడు.

ఎలా ఉన్నామో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. తను డ్యూటీ నుంచి రాగానే మెట్ల కింద బకెట్లో వేడినీళ్లు, డిటర్జెంటు సిద్ధంగా ఉండేవి. బట్టలు అందులో పడేసి, స్నానం చేసి పైకి వెళ్లేది. నేను అన్నం గిన్నె ఐదో మెట్టు మీద పెట్టి లోపలికి వచ్చేదాన్ని. రాత్రి తను పిట్టగోడ దగ్గర, నేను కింద పెరట్లో మడతకుర్చీలో కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. ఆ ప్లాస్టిక్ సూటు వేసుకుంటే ఆరు గంటలు నీళ్లు లేవు, బాత్‌రూమ్ లేదు. మన ఊరి ఏప్రిల్ ఉక్క నీకు తెలుసుగా. ఒకరోజు బల్బు కింద చేతులు చాచి చూపించింది. రెండు జతల గ్లవ్సులో చెమటకి నానిపోయి వేళ్లు తెల్లగా, ముడతలు పడి, వందేళ్ల మనిషి వేళ్లలా ఉన్నాయి. ముక్కు మీద మాస్కు ఒరుసుకున్న చోట పుండు. నా దగ్గరున్న జింకు ఆయింట్‌మెంటు మెట్టు మీద పెట్టాను.

తనే నాకు కొత్త పాఠాలు చెప్పేది. "మేడమ్, పేషెంటు నవ్వుతూ మాట్లాడుతున్నారు, వేలికి మిషను పెడితే 80 చూపిస్తోంది" అంది. మా రోజుల్లో ఆయాసం వస్తేనే ఊపిరితిత్తులకి ఏదో అయిందనుకునేవాళ్లం. ఈ జబ్బులో ఆయాసం తెలియకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోయేది. 94కంటే తగ్గితే ఆలస్యం చెయ్యకూడదని, ఈలోపు బోర్లా పడుకోబెడితే ఊపిరి కొంత సర్దుకుంటుందని ఆ పిల్ల దగ్గర నేర్చుకుని, తెలిసిన పెద్దవాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పాను. రోజుకి పది ఫోన్లు. బీపీ మాత్రలు అయిపోయాయా, ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉందా, మజ్జిగ తాగుతున్నారా అని. తలుపులన్నీ వేసుకుని, ఫ్యాను కిందే ఉన్నాం కదా దాహం లేదని నీళ్లు తాగక కళ్లు తిరిగిపడిన పెద్దవాళ్లున్నారు. ముసలితనంలో దాహం తెలియదు బాబూ, గడియారం చూసి తాగాలి. మీ అమ్మమ్మగారికి ఇప్పటికీ అది గుర్తుచెయ్యి.

వీధిలో కొందరు నా గేటు ముందు నడవడం మానేశారు. వాళ్ల భయాన్ని తప్పుపట్టలేను, ఎందుకంటే నేనూ ఆ భయంలో పెరిగాను. మాది చోడవరం దగ్గర పల్లె. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా చెల్లికి మశూచి వచ్చింది. అమ్మవారు పోసిందనేవాళ్లం. గుమ్మానికి వేపమండలు కట్టారు, మూడు వారాలు చుట్టాలెవరూ మా అరుగెక్కలేదు. వచ్చింది ఒక్క చాకలామె. ఆవిడకి చిన్నప్పుడే పోసింది, మొహం నిండా మచ్చలు. ఒకసారి పోసినవాళ్లకి మళ్లీ రాదని పల్లెల్లో అందరికీ తెలుసు. చీమూ నెత్తురూ అంటిన బట్టలు తీసుకెళ్లి ఉడకబెట్టి తెచ్చేది, మా చెల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని వేపాకులతో రాసేది. చెల్లి బతికింది. నీళ్లు పోసిన వారానికి ఆవిడ మళ్లీ పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది, వంటింటి గడప తొక్కకూడదు కదా. ఎనిమిదేళ్ల పిల్లకి అది అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాదు.

అందుకే ఆ వేసవిలో ఫోన్లో "మన పెద్దవాళ్లు మడి, అంటు అని ఊరికే పెట్టలేదు, ఇప్పుడు లోకమంతా అదే చేస్తోంది" అన్న మెసేజి వచ్చిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమనేది. చదువుకున్నవాళ్లే పంపేవారు. చేతులు కడుక్కోవడం వేరు, మడి వేరు. మడి క్రిమిని చూసి దూరం జరగలేదు, మనిషిని చూసి జరిగింది. దానికి తోడు "సామాజిక దూరం" అన్న మాటొకటి. రేడియోలో, టీవీలో, గోడల మీద అదే. మన ఊళ్లలో ఆ దూరం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు, వందల ఏళ్లుగా ఉంది. కావలసింది ఆరడుగుల ఎడం మాత్రమే. తర్వాత "భౌతిక దూరం" అనడం మొదలుపెట్టారు గానీ అప్పటికే మొదటి మాట జనం నోళ్లలో పడిపోయింది.

మే 7 తెల్లవారుజామున ఆ ఎడం కూడా ఎగిరిపోయింది. వైశాఖ పౌర్ణమి, పిండారబోసినట్టు వెన్నెల. నాలుగు దాటాక మా ఆడపడుచు ఫోను, గోపాలపట్నం నుంచి. "వదినా, ఏదో వాసన, కళ్లు మండిపోతున్నాయి, వచ్చేస్తున్నాం." ఆర్‌ఆర్ వెంకటాపురం దగ్గర కర్మాగారం ట్యాంకులోంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి బయటికి వచ్చిందని అప్పటికి ఎవరికీ తెలియదు. దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి, తనలో తాను వేడెక్కకుండా మందు కలపాలి. లాక్‌డౌన్‌లో ఆ ట్యాంకు కదలక నిలవుండిపోయి లోపల వేడెక్కింది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారునే పాకుతుంది, నిద్రలో ఉన్నవాళ్లని నిద్రలోనే పట్టుకుంటుంది. 12 మంది పోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

రెండు బళ్ల మీద ఐదుగురు వచ్చారు. గేటు బార్లా తీశాను. సబ్బునీళ్ల బేసిను, మాస్కు, ఎడం, ఏదీ గుర్తులేదు. పిల్లల బట్టల్లో తియ్యటి ప్లాస్టిక్ వాసన. అవి విప్పించి పెరటి మూలకి విసిరేయించి, ఒక్కొక్కరి తల కొళాయి కింద పెట్టించి పావుగంట కళ్లు కడిగించాను. నా చేతులు వాటంతటవే పని చేశాయి. మెట్ల మీంచి మన్యం పిల్ల పరుగెత్తుకొచ్చింది, ఇరవై రోజుల్లో మొదటిసారి ఇద్దరం ఒకే పిల్లాడిని చెరోవైపు పట్టుకున్నాం. టీవీలో చూపించారు, రోడ్డు మీద పడిపోయినవాళ్లని కుర్రాళ్లు, పోలీసులు భుజాలకెత్తుకుని పరుగులు పెట్టడం. ముందురోజు దాకా ఎదుటివాడు దగ్గితే తలుపేసుకున్న ఊరే అది. ఎవరు పాజిటివో, ఎవరు కాదో ఒక్కరూ ఆగి చూడలేదు. మనవాళ్ల గురించి ఎవరైనా చులకనగా మాట్లాడితే నాకు ఆ తెల్లవారుజాము గుర్తొస్తుంది.

తర్వాత పది రోజులకి రహదారి మీద నడిచేవాళ్లు ఎక్కువయ్యారు. చెన్నై వైపు నుంచి ఒడిశాకి, బీహారుకి, బెంగాలుకి. గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, మధురవాడ మీదుగా, తారు కాలిపోతున్న ఎండలో. మా వీధి కుర్రాళ్లు పులిహోర పొట్లాలు కట్టి తీసుకెళ్లేవారు. నన్ను రోడ్డు మీదకి రానివ్వలేదు. సరే, ఇంట్లోంచి చేసే పని చేస్తానని నీళ్లు కలపడం నేర్పాను. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. మా వార్డులో సెలైన్ దొరకనప్పుడు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఆ నీళ్లు! ఉప్పు ఎక్కువైతే ప్రమాదమని, అర చెంచా నేనే కొలిచి పొట్లాలు కట్టి ఇచ్చాను.

అప్పుడే ఒక కుర్రాడు వచ్చి, "అమ్మమ్మా, ఆడవాళ్లున్నారు, బాత్‌రూమ్ అడుగుతున్నారు, ఎవరూ ఇవ్వట్లేదు" అన్నాడు. అన్నం పెట్టడం అందరికీ తట్టింది గానీ ఇది నాకూ తట్టలేదు, ఆడదాన్నయి ఉండీ. పెరట్లో విడిగా బాత్‌రూమ్ ఉంది, పక్క సందులోంచి దారి. తలుపు తీసి పెట్టించాను. మొదట వచ్చింది ఒక ముసలావిడ. ఇటుక బట్టీలో పని చేసే కొడుకు, కోడలితో తమిళనాడు నుంచి నడిచి, మధ్యలో లారీలెక్కి, రాయగడ వైపు పోతోంది. లోపలికెళ్లి పావుగంట రాలేదు. కంగారుపడి పిలిచాను. స్నానం చేసి, ఉన్న ఒక్క చీర ఉతికి, తడి చీరే కట్టుకుని బయటికి వచ్చింది. భాష తెలియదు. నా చెయ్యి పట్టుకుని తన నుదుటికి ఆనించుకుంది. ఆ రోజు పేపర్లో 65 దాటినవాళ్లు ఇంట్లోనే ఉండాలన్న మాట మళ్లీ వేశారు. ఆవిడకి 65 దాటి చాలా ఏళ్లయి ఉంటుంది. పక్కింటామె గోడమీంచి, "ఎక్కణ్ణుంచి వచ్చారో, ఏం అంటించి పోతారో అక్కా" అంది. "బ్లీచింగు నీళ్లు నేను పోసుకుంటాను, నువ్వు ఆ చీపురు ఇటివ్వు" అన్నాను. చీపురు ఇచ్చింది. రెండో రోజు నుంచి బకెట్లు నింపి పెట్టింది కూడా ఆవిడే. నెలాఖరు దాకా ఆ తలుపు తీసే ఉంచాం.

2021 వేసవి ఇంకా ఘోరం, ఇంటికో చావు. మన స్టీల్ ప్లాంటు నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లతో మొదటి రైలు ఏప్రిల్ 22న మహారాష్ట్ర వైపు వెళ్లిందంటే గర్వం కలిగింది, అదే వారంలో తెలిసినవాళ్లు ఇద్దరు ఆక్సిజన్ అందక పోయారు. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను. ఒక్క సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకి టీకా మొదలుపెట్టారు. నేను మా ఆకుకూరలావిడని వెంటబెట్టుకుని వెళ్లాను. నాకు వేశారు. ఆవిడ కార్డు చూసి, "మీకు 58 కదమ్మా, బీపీ షుగరు ఉన్నట్టు డాక్టరు కాగితం ఉందా?" అని అడిగారు. డాక్టరు దగ్గరికే పోని మనిషి. ఆ కుర్రాడి తప్పు లేదు, కంప్యూటరు తీసుకోదు. నేను కుర్చీలో అరగంట కూర్చుని వచ్చేదాకా ఆవిడ బయట చెట్టు కింద నిలబడింది. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ అన్నారు, అప్పుడు వేయించాను. ఆ నెలరోజులు నాకు నిద్రలేదు.

మన్యం పిల్లకి పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. సంక్రాంతికి వచ్చి రాజమా, పసుపు ఇచ్చి వెళ్తుంది. కాగితం ప్రకారం ఆకుకూరలావిడకి 60 నిండింది 2023 జనవరి 1న. ఆ రోజు పొద్దున తట్ట దింపుతూ, "ఇయ్యాల్టి నుంచి నాను ముసిల్దాన్నయిపోనానమ్మా" అంది. చేతులు కడుక్కోవడానికి అలవాటు ప్రకారం కొళాయి దగ్గరికి వెళ్లింది. పెన్షను కాగితాలు ఇద్దరం కూర్చుని నింపాం.

మీ అమ్మమ్మగారిని "ఆ రోజులు ఎలా గడిచాయి" అని అడక్కు. అంత పెద్ద ప్రశ్నకి ఎవరైనా "గడిచిపోయాయి" అనే అంటారు. కూర ఎవరు తెచ్చిచ్చేవారు, మాత్రలు అయిపోతే ఎవరికి చెప్పేవారు, రాత్రుళ్లు ఏం చప్పుళ్లు వినబడేవి, గేటు తీసి ఎవరినైనా లోపలికి రానిచ్చారా, ఎవరినైనా రానివ్వలేకపోయారా, అది అడుగు. ఆఖరుది మెల్లగా అడుగు. పక్కన కూర్చుని, ఫోను పక్కన పెట్టి.